పిల్లలు లేని దీవిలో హనీమూన్: మాల్దీవులకు డబ్బు కట్టే ముందు

ముందుగా మీ ప్రశ్నను నాకు అర్థమైనట్టు చెబుతాను. విజయవాడలో మాఘమాసంలో పెళ్లి. పెద్దలు కుదిర్చిన సంబంధం, నిశ్చితార్థం తరువాత ఫోనులోనే ఎక్కువ పరిచయం. మాల్దీవుల్లో పిల్లలను రానివ్వని రిసార్టులో అయిదు రాత్రులు ఉండాలని మీ కోరిక. విమానం టిక్కెట్లతో సహా అయిదు లక్షలు దాటకూడదు. అమ్మాయి శాకాహారి, ఇద్దరికీ ఈత రాదు. బుకింగు కాగితం మీద ‘అడల్ట్స్ ఓన్లీ’ అన్న మాట చూసి మీ నాన్నగారు కంగారుపడ్డారు.

పద్నాలుగేళ్లుగా కొత్త దంపతులకు ప్రయాణాలు ఏర్పాటు చేయడమే నా పని. మాల్దీవులకు ఆరుసార్లు వెళ్లాను. అందులో మా ఆవిడతో వెళ్లింది ఒక్కసారే, ఆ లెక్క ఆమె ఇప్పటికీ గుర్తుచేస్తూనే ఉంటుంది.

నాన్నగారి భయం సంగతి ముందు తీర్చేద్దాం. సినిమా పోస్టర్ల మీద చూసి చూసి ఆ మాటకు మన దగ్గర వేరే అర్థం స్థిరపడిపోయింది. అక్కడ దాని అర్థం ఇంతే: కొలనులో గెంతులేసే పిల్లలు ఉండరు, పక్క బల్ల దగ్గర ఏడుపు వినిపించదు. మాల్దీవులు ఇస్లామిక దేశం. రిసార్టు తీరాల్లో కూడా బట్టలు లేకుండా తిరగడం చట్టరీత్యా నిషిద్ధం. గోవాలో కనిపించేవి కొన్ని అక్కడ కనిపించవని నాన్నగారితో ధైర్యంగా చెప్పవచ్చు. మీరు గమనించవలసింది వేరే ఉంది. ‘పెద్దలు’ అనే గీత ఒక్కో రిసార్టు ఒక్కో చోట గీస్తుంది. పగడపు దీవుల వలయాన్ని అక్కడ అటోల్ అంటారు. లావియాని అటోల్‌లోని హురవల్హి 15 ఏళ్లు నిండినవారిని రానిస్తుంది. రా అటోల్‌లోని యూ అండ్ మీ 16 అంటుంది. రాజధాని మాలేకు దగ్గరలోని ఓబ్లు సెలెక్ట్ లోబిగిలి 18 అంటుంది. డబ్బు కట్టే రోజున ఆ రిసార్టు సొంత పేజీలో ఈ నిబంధన మరోసారి చూడండి, ఇవి మారుతుంటాయి.

ఇప్పుడు నేను అసలు చెప్పదలచుకున్నది. మీరు పంపిన మూడు రిసార్టుల (లోబిగిలి, హురవల్హి, కుడదూ) పట్టికలో ఫొటోలు, ధరలు, రేటింగులు అన్నీ ఉన్నాయి. ఆ దీవిలో పగటిపూట మీరిద్దరూ ఏం చేస్తారన్నది మాత్రం లేదు. మాల్దీవుల్లో సాధారణంగా ఒక దీవికి ఒకే రిసార్టు. వీధి ఉండదు, అంగడి ఉండదు, ‘అలా బయట తిరిగొద్దాం’ అనడానికి బయట అనేదే ఉండదు. చాలా దీవులను పావుగంటలో చుట్టిరావచ్చు. ఏళ్ల తరబడి స్నేహంగా ఉండి పెళ్లి చేసుకున్నవారికి ఆ ఏకాంతం వరం. ఎదురెదురుగా కూర్చుని మొత్తం పది గంటలు కూడా మాట్లాడుకోని ఇద్దరికి అది మొదటి రెండు రోజులు బరువుగా ఉంటుంది. పిల్లల సందడి కూడా లేని చోట ఆ నిశ్శబ్దం ఇంకాస్త పెద్దదవుతుంది.

కొన్నేళ్ల కిందట గుంటూరు వైపు నుంచి ఒక జంటను ఏడు రాత్రులకు పంపాను. చాలా చిన్న దీవి, చాలా అందమైన విల్లా. మూడోరోజు మధ్యాహ్నం పెళ్లికొడుకు ఫోను చేసి, తిరుగు టిక్కెట్టు ముందుకు జరపడానికి ఎంత అవుతుందని అడిగాడు. గొడవేమీ లేదట. ‘మాటలు అయిపోయాయండీ’ అన్నాడు పాపం. టిక్కెట్టు సంగతి రేపు చూద్దాం, ఈ సాయంత్రం చేపల వేటకు వెళ్లే పడవ ఎక్కండి అన్నాను. అక్కడి పద్ధతిలో కర్ర లేకుండా, చేతిలో దారం చుట్ట పట్టుకుని గేలం వేస్తారు. ఆ అమ్మాయికి రెండు చేపలు పడ్డాయి, అతనికి ఒక్కటీ పడలేదు. ఆ వెక్కిరింపు మిగతా నాలుగు రోజులకు సరిపోయిందని తరువాత ఇద్దరూ కలిసి వచ్చి చెప్పారు. అప్పటినుంచి కుదిర్చిన పెళ్లిళ్ల వారికి ఏడు రాత్రులు నేను రాయను. మీకు కూడా నాలుగే చెబుతున్నాను. అయిదో రాత్రి డబ్బును మంచి విల్లా మీదో, రెండు విహారాల మీదో పెట్టండి.

ఆ దృష్టితో చూస్తే మీ పట్టికలో నాకు నచ్చేది లోబిగిలి. అక్కడి ధివేహి భాషలో లోబి అంటే ప్రేమ, గిలి అంటే దీవి. పేరు కాస్త అతిగా అనిపించినా చోటు మంచిది. విమానాశ్రయం నుంచి స్పీడ్‌బోటులో పావుగంట, ఇరవై నిమిషాల్లో చేరతారు. మీ బడ్జెట్‌కు ఈ ఒక్క విషయమే చాలా కలిసొస్తుంది, కారణం కింద చెబుతాను. సముద్రం అడుగున భోజనశాల ఉంది, ఈత రాకపోయినా అద్దం వెనక నుంచి చేపలు చూడవచ్చు. హురవల్హిలో కూడా అలాంటిదే ఉంది, దాని పేరే 5.8. నీటి మట్టానికి అన్ని మీటర్ల దిగువన ఉందని ఆ పేరు. దీవి, తీరం పరంగా హురవల్హి నా కంటికి ఇంకా బాగుంటుంది, కానీ అక్కడికి నీళ్ల మీద దిగే చిన్న విమానంలో, అంటే సీప్లేన్‌లో వెళ్లాలి. మూడోది, హురవల్హి పక్కనే ఉన్న కుడదూ, పదిహేను విల్లాల దీవి. దాన్ని పట్టికలోంచి కొట్టేయండి. మీ అయిదు లక్షలు అక్కడ నాలుగు రాత్రులకు రావు.

సీప్లేన్ గురించి వివరంగా చెప్పాలి, ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. పదిహేనుమంది దాకా పట్టే చిన్న ట్విన్ ఆటర్ విమానాలు అవి. పైలట్లు చెప్పులు విడిచి నడుపుతారు. పైనుంచి అటోల్‌లు ఆకుపచ్చ, నీలం ఉంగరాల్లా కనిపిస్తాయి. జీవితంలో ఒకసారి ఎక్కవలసిందే, అందులో సందేహం లేదు. అయితే అవి పగటి వెలుతురులోనే ఎగురుతాయి. మీ విమానం మధ్యాహ్నం మూడు దాటాక మాలేలో దిగితే ఆ రోజు దీవికి చేరడం అనుమానమే. అప్పుడు పక్కనున్న హుల్హుమాలేలో ఒక రాత్రి గడపాలి, రిసార్టుకు కట్టిన ఆ రాత్రి డబ్బు పోయినట్టే. తిరుగు ప్రయాణంలోనూ అంతే. ఉదయం తొమ్మిదింటి విమానం పట్టుకోవాలంటే ముందురోజే దీవి వదలవలసి రావచ్చు. ఎన్ని గంటలకు ఎక్కుతారన్నది కూడా ముందురోజు సాయంత్రం దాకా తేలదు. సామాను మనిషికి 20 కిలోలు, చేతిసంచి 5 కిలోలు, ఆపైన కిలోకు ఇంత అని వసూలు చేస్తారు. ఫొటోల కోసం నాలుగు పట్టుచీరలు పెట్టుకునే పెళ్లికూతుళ్లకు ఈ మాట ముందే చెప్పాలి. ఖర్చు చూస్తే, చాలా రిసార్టులకు రానుపోను మనిషికి 400 డాలర్లు దాటుతుంది. ఇద్దరికీ కలిపి చూసుకోండి, అది మీ మొత్తం బడ్జెట్‌లో ఎంతో.

విజయవాడ నుంచి బెంగళూరు వెళ్లి అక్కడి నుంచి మాలే వెళ్లడం మీకు సులువు. కొచ్చి, ముంబయిల మీదుగా కూడా వెళ్లవచ్చు. విమానాల వేళలు ఋతువును బట్టి మారతాయి కనుక రిసార్టు ఖరారు చేయక ముందే దిగే సమయం చూసుకోండి. స్పీడ్‌బోటు దీవి ఎంచుకుంటే ఈ బెంగ చాలావరకు ఉండదు, పడవలు రాత్రిపూట కూడా నడుస్తాయి. మాలే గడియారం మనకంటే అరగంట వెనక. కొన్ని రిసార్టులు ఎండ ఎక్కువసేపు దొరకాలని తమ దీవి వరకు గడియారాన్ని మాలే కంటే ఒక గంట ముందుకు జరుపుకుంటాయి. పడవ వేళ చెప్పినప్పుడు అది ఏ గడియారం ప్రకారమో అడగండి.

ఇక ధర. వెబ్‌సైటులో రాత్రికి 400 డాలర్లని, పక్కన రెండు ప్లస్ గుర్తులని చూశారు కదా. ఆ రెండు ప్లస్‌ల విలువ చూద్దాం. 400 మీద సేవా రుసుము 10 శాతం, అంటే 440. దాని మీద పర్యాటక జీఎస్టీ, 2025 జులై నుంచి 17 శాతం, కలిపితే 514 డాలర్ల 80 సెంట్లు. ఆపైన హరిత పన్ను రిసార్టుల్లో మనిషికి రోజుకు 12 డాలర్లు. 2025 జనవరికి ముందు 6 ఉండేది, రెట్టింపు చేశారు. ఇద్దరికీ 24. మొత్తం 539 డాలర్లు. కనిపించిన ధరకు మూడో వంతుకు పైగా అదనం. అక్కడ తినేదానికి, తాగేదానికి, మసాజుకు కూడా ఇవే సేవా రుసుము, జీఎస్టీ పడతాయి. అందుకే నాకు పంపే ఏ ధరైనా ‘అన్ని పన్నులతో, పడవతో, భోజనంతో కలిపి చివరి అంకె’ అని ఒకే వాక్యంలో రాయించుకుంటాను. మీ ఏజెంటుతోనూ అలాగే రాయించుకోండి. ఆ వాక్యం రాయడానికి తటపటాయించేవారి దగ్గర కొనకండి.

ప్యాకేజీగా కొంటే మన దేశంలో టీసీఎస్, అంటే అమ్మేవారే ముందుగా వసూలు చేసే పన్ను, కూడా పట్టుకుంటారు. అది పోయే డబ్బు కాదు, ఆదాయపు పన్ను రిటర్నులో సర్దుబాటు చేసుకోవచ్చు. కానీ ఆ రోజు చేతి నుంచి కట్టాలి కాబట్టి లెక్కలో ఉంచుకోండి. ఎవరి పాన్ మీద కొంటున్నారో వారికే అది జమ అవుతుంది. మామగారు డబ్బు ఇస్తున్నారని ఆయన పాన్ ఇచ్చి, తరువాత తలపట్టుకున్న అల్లుళ్లను చూశాను.

భోజన పథకంలో హాఫ్ బోర్డు, అంటే ఉదయం ఫలహారం, రాత్రి భోజనం మాత్రమే, చవకగా కనిపిస్తుంది. దీవిలో మరో అంగడి లేదని గుర్తుంచుకుంటే అది చవక కాదు. మధ్యాహ్న భోజనం, మంచినీళ్ల సీసా, కాఫీ అన్నీ విడివిడిగా బిల్లుకెక్కుతాయి. మీరు మద్యం ముట్టకపోతే మూడు పూటలా భోజనం ఉండే ఫుల్ బోర్డు చాలు, తాగేవారైతే పానీయాలు కూడా కలిసిన ఆల్ ఇన్‌క్లూజివ్. ఇక్కడే ఒక హెచ్చరిక: మాల్దీవుల్లోకి బయటి మద్యం తీసుకువెళ్లకూడదు. బెంగళూరు విమానాశ్రయంలో కొన్న సీసా మాలేలో దింపుకుంటారు. పంది మాంసంతో చేసిన పదార్థాలు, ఈ-సిగరెట్లు కూడా నిషిద్ధమే. పూజా విగ్రహాలు కూడా ఆ పట్టికలో ఉన్నాయి. అమ్మమ్మ ప్రేమగా పెట్టెలో పెట్టిన చిన్న వెంకటేశ్వరస్వామి ప్రతిమను ఇంట్లోనే ఉంచి వెళ్లండి.

శాకాహారం దొరుకుతుంది. చాలా రిసార్టుల వంటగదుల్లో భారతీయులు పనిచేస్తుంటారు, పప్పు అన్నం అడిగితే సంతోషంగానే వండిపెడతారు. మోసపోయేది ఉదయం ఫలహారం దగ్గర. మస్ హుని అని ఒకటి పెడతారు. కొబ్బరి తురుము, ఉల్లి, పచ్చిమిర్చి, నిమ్మరసం, పక్కన చపాతీ లాంటి రోషి. చూడగానే మన కొబ్బరి పచ్చడి బంధువులా ఉంటుంది, కానీ అందులో ట్యూనా చేప కలిపి ఉంటుంది. అక్కడి వంటల్లో చేప ఎక్కడైనా దాక్కుని ఉండవచ్చు. ‘చేప, చేప రసం, గుడ్డు ఏదీ వద్దు’ అని ముందే ఈమెయిల్‌లో విడదీసి రాయండి, వెళ్లాక వంటపెద్దను కలవండి. గోంగూర, ఆవకాయ పట్టుకెళ్లేట్లయితే సీలు వేసిన ప్యాకెట్లను పెద్ద పెట్టెలోనే పెట్టండి. నూనె పచ్చళ్లను చేతిసంచిలో పెడితే మన విమానాశ్రయంలోనే ఆగిపోతాయి.

విల్లా విషయానికి వస్తే, నాలుగు రాత్రులూ నీటి మీద విల్లాలోనే ఉండాలని పట్టుపట్టకండి. రెండు రాత్రులు తీరం విల్లా, చివరి రెండు నీటి విల్లా తీసుకుంటే ఖర్చు తగ్గుతుంది, ఒకే ప్రయాణంలో రెండు ఇళ్లు మారిన సరదా ఉంటుంది. వరుస తప్పకుండా అదే ఉండాలి. నీటి విల్లా నుంచి తీరం విల్లాకు మారినవారు మొహం చిన్నబుచ్చుకుంటారు. ఈత రానివారు అడగవలసిన ప్రశ్న, విల్లా మెట్ల కింద నీరు ఎంత లోతు అని. కొన్ని చోట్ల నడుము లోతు ఇసుక నేల, కొన్ని చోట్ల నేరుగా పగడపు దిబ్బ అంచు. రెండోది చేపలు చూడటానికి అద్భుతం, మీకు మాత్రం వద్దు. లోతు తక్కువ చోట లైఫ్ జాకెట్ వేసుకుని స్నార్కెలింగ్, అంటే గొట్టంతో గాలి పీలుస్తూ నీటి పైనుంచి చేపలు చూడటం, నేర్చుకోవడానికి ఒక పూట చాలు. శిక్షకుడిని పెట్టుకోండి, ఆ డబ్బు దండగ కాదు. సూర్యోదయం వైపు విల్లాలు సాధారణంగా కాస్త చవక, మధ్యాహ్నం నీడ కూడా ఉంటుంది. భూమధ్యరేఖకు అంత దగ్గరలో సాయంత్రం నాలుగింటి పడమటి ఎండ ఎలా ఉంటుందో అస్తమయం విల్లా తీసుకున్నవారిని అడగండి.

నెల విషయంలో మీరు అదృష్టవంతులే, ఖర్చు విషయంలో కాదు. మాఘం అంటే అక్కడ ఇరువై అనే ఈశాన్య ఋతుపవన కాలం. పొడి గాలి, నిలకడ సముద్రం, అద్దంలాంటి నీళ్లు. యూరప్ చలి నుంచి పారిపోయి వచ్చేవారంతా అప్పుడే వస్తారు కనుక ధరలు శిఖరాన ఉంటాయి. శ్రావణంలో పెళ్లి చేసుకునేవారికి ఇదంతా తలకిందులు. మే నుంచి నైరుతి గాలులు, వాటిని హుల్హంగు అంటారు. వానలు, అలలు, తక్కువ ధరలు. ఆ నెలల్లోనే బా అటోల్‌లోని హనిఫారు అఖాతానికి మాంటా రే చేపలు గుంపులుగా వస్తాయి. 2011లో యునెస్కో ఆ అటోల్‌ను జీవావరణ రక్షిత ప్రాంతంగా గుర్తించింది. మీకది కుదరదు, తిమింగల సొరచేపలు మాత్రం దక్షిణ అరి అటోల్‌లో ఏడాది పొడవునా ఉంటాయి. అయితే లోబిగిలి నుంచి అది దూరం, దానికోసం ప్రణాళిక మార్చకండి.

కాగితాల పని తక్కువ. భారతీయులకు వీసా అక్కడ దిగాకే ఇస్తారు, రుసుము లేదు. ప్రయాణానికి ముందు 96 గంటల లోపల ఇముగా అనే వెబ్‌సైటులో ప్రయాణికుల ప్రకటన నింపాలి, అది కూడా ఉచితమే. దానికి డబ్బు అడిగే పేజీ కనిపిస్తే అది నకిలీదని అర్థం. అమ్మాయి పాస్‌పోర్టులో పుట్టింటి పేరే ఉందని కంగారుపడి హడావుడిగా మార్పించకండి. టిక్కెట్టు మీద పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉంటే చాలు, ఇంటిపేరుతో సహా. హనీమూన్ రాయితీలకు, అంటే పూల పానుపు, కేకు, ఒకపూట తీరంలో భోజనం వంటివాటికి, కొన్ని రిసార్టులు వివాహ ధ్రువపత్రం అడుగుతాయి. మన శుభలేఖ ఎంత బంగారు అక్షరాలతో ఉన్నా వాళ్లకు పనికిరాదు. పెళ్లయిన వారంలోనే రిజిస్ట్రేషన్ చేయించి నకలు పంపండి.

అది చేయించాలన్నా కొన్ని రోజులు కావాలి కదా, అక్కడికే వస్తున్నాను. పెళ్లి అయిన మూడోరోజే విమానమెక్కాలన్న మీ ఆలోచన మార్చుకోండి. అర్ధరాత్రి ముహూర్తం, మర్నాడు సత్యనారాయణ వ్రతం, ఆపై రిసెప్షన్. ఇవన్నీ అయ్యాక విమానమెక్కినవారు రాత్రికి వేల రూపాయలు కట్టిన విల్లాలో మొదటి రెండు రోజులు నిద్రపోతారు. పదహారు రోజుల పండుగ అయ్యాక బయలుదేరండి. పెద్దల మాట నిలబెట్టడానికి చెప్పడం లేదు, ఇంకో కారణం ఉంది. అప్పటిదాకా అమ్మాయి మెడలో ఉండేది పసుపుతాడు. ఉప్పునీళ్లలో నానితే ఆ పసుపు తెల్లటి తువ్వాళ్లకు, దుప్పట్లకు, ఆమె కొత్త బట్టలకు అంతటా పాకుతుంది. మరకలు పడ్డ దుప్పట్లకు ఒక రిసార్టు నేను పంపిన ఒక జంట దగ్గర డబ్బు కూడా వసూలు చేసింది. తాడు తీయమని ఆ రోజుల్లో ఎవరూ చెప్పలేరు. పండుగనాడు సూత్రాలు గొలుసులోకి మారాక ఆ చిక్కు ఉండదు. గొలుసు కొక్కెం గట్టిదో కాదో కంసాలికి ఒకసారి చూపించండి. పెళ్లి ఉంగరాలు మాత్రం విల్లా లాకర్లో పెట్టి నీళ్లలో దిగండి. నీళ్లలో కొత్త ఉంగరం జారితే ఆ ఇసుకలో దాన్ని వెతికిపెట్టేవారు ఉండరు.